క్రూజ్‌లో తప్ప ఇంకెక్కడా వేసుకోని బట్టలు: ఇవన్నీ కొనాల్సిందేనా?

తెనాలి కోడలు

వచ్చే నెల టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. జమైకా, గ్రాండ్ కేమన్, కోజుమెల్. మావారి ఫ్రెండ్స్ ఫ్యామిలీలు నాలుగు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కూడా వస్తున్నారు. టికెట్ల దగ్గర రాని గొడవ బట్టల దగ్గర వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ లిస్టు పెట్టారు. ఫార్మల్ నైట్‌కి, అదే దర్జాగా తయారై భోజనానికెళ్ళే రాత్రికి, మగవాళ్ళకి టక్సీడో (బో టై కట్టే నల్ల సూటు), ఆడవాళ్ళకి గౌను. వైట్ నైట్‌కి అందరికీ తెల్ల ప్యాంట్లు. ఎయిటీస్ నైట్‌కి తళుకుల చొక్కాలు. గ్రూపంతా ఒకే రకం టీషర్టులు. కెప్టెన్ టోపీలు, మెడలో వేసుకునే ల్యాన్‌యార్డులు, ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ పౌచ్, నీళ్ళలో నడిచే బూట్లు, వాంతులు రాకుండా చేతికి పట్టీలు. అన్నీ కార్ట్‌లో వేసి చూస్తే ఒక మనిషి టికెట్ డబ్బులయ్యేలా ఉంది. వారం తర్వాత ఇవన్నీ ఎక్కడ వేసుకోవాలి? కాస్ట్‌కోకి కెప్టెన్ టోపీ పెట్టుకుని వెళ్తామా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి, వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవి?

బందరు లడ్డు

కెప్టెన్ టోపీ కొట్టేయండి. డెక్ మీద గాలికి ముందు ఎగిరేది అదే. గడ్డం కింద తాడు ముడేసుకునే టోపీ కొనండి. అందంగా ఉండదు, కానీ తలమీద ఉంటుంది.

ఓక్లహామా ఓబులేశు

సముద్రం చూడ్డానికి వెళ్తున్నారా, పెళ్ళికి వెళ్తున్నారా? నాలుగు టీషర్టులు, రెండు నిక్కర్లు. అయిపోయింది.

పిన్నీసు

ఓబులేశు గారూ, మీకు అయిపోతుంది. ఇంట్లో ఆడవాళ్ళని అడిగి చెప్పారా?

షార్లెట్ శర్మ

ఫార్మల్ నైట్ అంటే ముందు ఆ భయం వదిలేయండి. వారం ట్రిప్పులో మామూలుగా రెండు ఉంటాయి. ఆ పట్టింపు కూడా మెయిన్ డైనింగ్ రూముకే. అదే రాత్రి షార్ట్స్‌తో పైకెళ్ళి బఫేలో తిన్నా ఎవరూ ఏమీ అనరు. కంపెనీని బట్టి కూడా మారుతుంది. నార్వీజియన్ వాళ్ళు ఫ్రీస్టైల్ అని పేరు పెట్టి అసలు ఆ తప్పనిసరే ఎత్తేశారు. కార్నివాల్ వాళ్ళకి మంచి చొక్కా, ప్యాంటు ఉంటే సరిపోతుంది, కోటు మీ ఇష్టం. గట్టి పట్టింపు ఉన్నది క్యూనార్డ్ వాళ్ళకి. వాళ్ళ క్వీన్ మేరీ 2 ఓడలో గాలా ఈవెనింగ్ రోజు సాయంత్రం ఆరు దాటాక టక్సీడో గానీ ముదురు రంగు సూటు గానీ ఉండాలి. గాల్వెస్టన్ నుంచి వెళ్ళే ఓడల్లో అంత సీన్ లేదు.

ఇంకోటి. మీ ఓడలో అసలు వైట్ నైట్ ఉందో లేదో యాప్‌లో చూశారా? తెల్లబట్టల పార్టీ ఎంఎస్‌సీ లాంటి కొన్ని కంపెనీల్లో ఉంటుంది. వర్జిన్ వాళ్ళది స్కార్లెట్ నైట్, అక్కడ అందరూ ఎరుపు. ఎవరో వేరే ఓడకి రాసుకున్న లిస్టు మీ గ్రూపులోకి ఫార్వర్డ్ అయి ఉంటుంది.

గోదారి గట్టు

శర్మ గారు చెప్పిన ఆ క్యూనార్డ్ వాళ్ళే ఫార్మల్ నేషనల్ డ్రెస్ కూడా చెల్లుతుందని రాసుకున్నారు. అంత పట్టింపున్న వాళ్ళే ఒప్పుకున్నాక ఇక గొడవేముంది? పట్టుపంచె, లాల్చీ, కండువా. టక్సీడో అద్దె మిగులు.

మెకానికల్ 98

పంచెతో డైనింగ్ రూముకి వెళ్ళండి సార్, డెక్ మీదకి మాత్రం వద్దు. ఓడ 20 నాట్ల మీద పోతోందంటే గంటకి 37 కిలోమీటర్లు. బయట ఆకు కదలకపోయినా డెక్ మీద గాలి కొడుతూనే ఉంటుంది. దానికి ఎదురుగాలి తోడైతే మీ పంచె జెండా అయిపోతుంది.

గోదారి గట్టు

అందుకే లోపల నిక్కరు వేసుకోవాలి.

ఓక్లహామా ఓబులేశు

ఆ నిక్కరుతోనే వెళ్ళమని మొదట చెప్పింది నేనే కదా.

పిన్నీసు

చీరలకి గాలి కంటే పెద్ద తలనొప్పి ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టెని ఓడలోకి రానివ్వరు. చాలా కంపెనీలు చేతి స్టీమర్‌ని కూడా ఆపేస్తాయి, నిప్పు భయం. స్కానింగ్‌లో కనబడితే తీసి దాచి, దిగేరోజు ఇస్తారు. కొన్ని ఓడల్లో ఇస్త్రీ బల్ల ఉన్న లాండ్రీ గది ఉంటుంది, కొన్నిట్లో డబ్బిచ్చి చేయించుకోవడమే. కాబట్టి గంజి పెట్టిన మంగళగిరి, వెంకటగిరి జోలికి పోకండి. ఆ తేమకి గంజి మెత్తబడి, భోజనాల టైముకే కుచ్చిళ్ళు వాలిపోతాయి. క్రేప్, జార్జెట్, మెత్తటి పట్టు అయితే నిలబడతాయి. నా ఓటు ఉప్పాడకి. చేతిలో బరువుండదు, ఫొటోలో జరీ బాగా పడుతుంది.

బయల్దేరేముందే కుచ్చిళ్ళు, పమిట మడతలు వేసి బాక్స్ ఫోల్డింగ్ చేసి పెట్టుకోండి. ఇప్పుడు పెళ్ళిళ్ళకి అందరూ చేయించుకుంటున్నారుగా, అదే. ఎందుకంటే లోపలి క్యాబిన్‌లో మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటే ఉంటుంది. అక్కడ నిలబడి ఆరు గజాలు పరిచి కుచ్చిళ్ళు పెట్టాలంటే, మొగుడూ పిల్లలూ మంచమెక్కి కూర్చోవాలి. మడత విప్పి చుట్టుకుని, భుజం మీద ఒక పిన్ను, నడుం దగ్గర ఒక పిన్ను పెట్టుకుంటే అయిపోతుంది. హైహీల్స్ మాత్రం వద్దు. ఓడ కదులుతుంటే మెత్తటి కార్పెట్ మీద మడమ మడత పడడానికి అర నిమిషం చాలు.

తెనాలి కోడలు

పిన్నీసు గారూ, మీ పేరు సార్థకం చేసుకున్నారు. గౌను కార్ట్‌లోంచి తీసేశా. నగల సంగతి? అత్తగారు సొంతవే వేసుకుంటానంటున్నారు.

బందరు లడ్డు

ఈ ఒక్క విషయంలో మా ఊరిని మించిన సలహా ఎవరూ ఇవ్వలేరు. చిలకలపూడి బంగారం! హారం, గాజులు, జుంకాలు అన్నీ కలిపినా డాలర్లలో చిల్లర. పోయినా ఏడవక్కర్లేదు. కానీ ఉప్పుగాలికీ పూల్ నీళ్ళకీ రోల్డుగోల్డు నల్లబడుతుంది. రాత్రి తీయగానే పొడిగుడ్డతో తుడిచి జిప్ కవర్లో పెట్టుకోమనండి.

రెడ్డిగారి రెండో అబ్బాయి

ల్యాన్‌యార్డుల మాట ఎవరూ ఎత్తలేదేంటి? అదొక్కటీ తప్పకుండా కొనండి. ఓడలో ఇచ్చే కార్డు దానికే తగిలించుకోవాలి. ఆ కార్డే గది తాళం, ఆ కార్డే పర్సు, ఓడ దిగాలన్నా ఎక్కాలన్నా ఆ కార్డే. స్విమ్‌సూట్‌కి జేబులుండవు. గెస్ట్ సర్వీసెస్ దగ్గర అడిగితే కార్డు మూలన చిల్లు పొడిచి ఇస్తారు.

కూకట్‌పల్లి కోడర్

సెలవు పెట్టి, డబ్బులు కట్టి, నడిసముద్రంలోకి వెళ్ళి మళ్ళీ మెడలో ఐడీ కార్డా? బఫే లైన్లో అందరూ అలా వేలాడేసుకుని నిలబడితే, మైండ్‌స్పేస్‌లో లంచ్‌కి దిగిన గుంపులా ఉంటుంది. నేను ఫోన్ కవర్ వెనకాల పెట్టుకుంటా.

రెడ్డిగారి రెండో అబ్బాయి

ఫోన్ పక్కనే పెడితే మాగ్నెటిక్ స్ట్రిప్ ఉన్న కార్డులు చెడిపోవచ్చు. మూడోసారి గెస్ట్ సర్వీసెస్ క్యూలో నిలబడ్డప్పుడు నా ల్యాన్‌యార్డు గుర్తొస్తుంది మీకు.

షార్లెట్ శర్మ

కార్డుల కాలం కూడా పోతోంది. ప్రిన్సెస్ వాళ్ళు నాణెమంత బిళ్ళ ఇస్తారు, మెడాలియన్ అంటారు. దగ్గరికెళ్తే తలుపు తాళం దానంతటదే తెరుచుకుంటుంది. దాన్ని పెట్టుకోవడానికి మళ్ళీ గొలుసులు, బ్రేస్‌లెట్లు అమ్ముతారనుకోండి. వర్జిన్ వాళ్ళు సముద్రంలోంచి ఏరిన ప్లాస్టిక్‌తో చేసిన చేతిపట్టీ ఇస్తారు.

మయామి మూర్తి

అసలైన సంగతి ఎవరూ చెప్పలేదు. మీ దారిలో జమైకా ఉంది. మిలటరీ డిజైన్ బట్టలు, అదే ఆకుపచ్చా గోధుమరంగు మచ్చల క్యామోఫ్లాజ్, అక్కడ మామూలు మనుషులు వేసుకోవడం చట్టప్రకారం నేరం. సైన్యానికి తప్ప ఎవరికీ అనుమతి లేదు. బార్బడోస్, ట్రినిడాడ్, సెయింట్ లూసియాలో కూడా అంతే. టోపీ, బ్యాగు, పిల్లల నిక్కరు, ఏదైనా సరే. ఓడలో వేసుకోండి, గ్యాంగ్‌వే, అదే ఓడ దిగే వంతెన, దాటకముందు మార్చుకోండి. మన పిల్లల బట్టల్లో ఆ డిజైన్ ఎన్ని ఉంటాయో ఒకసారి బీరువా తీసి చూడండి.

తెనాలి కోడలు

ఇప్పుడే చూశా. మావాడికి రెండు నిక్కర్లు, ఒక టోపీ. మావారి కార్గో ప్యాంటు కూడా అదే! అన్నీ పక్కన పెట్టేశాను. మూర్తి గారికి ఓడలో నా వంతు ఐస్‌క్రీమ్ బాకీ.

మయామి మూర్తి

అక్కడ ఐస్‌క్రీమ్ ఫ్రీయే కదమ్మా. ఇంకేదైనా ఇవ్వండి. నీళ్ళలో నడిచే బూట్లు మాత్రం ఉంచుకోండి. జమైకాలో డన్స్ రివర్ ఫాల్స్‌కి వెళ్తే అవి కావాలి. దాదాపు 180 మీటర్ల పొడవున జారే జలపాతం, రాళ్ళ మెట్ల మీద నీళ్ళు జారుతుంటే చేతులు పట్టుకుని వరసగా ఎక్కిస్తారు. చెప్పులతో అయ్యే పని కాదు. అక్కడ అద్దెకి దొరుకుతాయి, కానీ ఎవరెవరో తొడిగి విడిచిన తడిబూట్లు.

అట్లాంటా అత్తగారు

అందరూ రాత్రి బట్టల గురించే మాట్లాడుతున్నారు. పొద్దున సంగతి? సూర్యోదయం చూడ్డానికి డెక్ మీదకి నైటీలో వెళ్ళొచ్చా? పైన చున్నీ వేసుకుంటాను.

పిన్నీసు

వద్దు ఆంటీ.

వైజాగ్ రవి

ఎందుకు వద్దు? 2022 జూన్‌లో వైజాగ్ నుంచి కార్డీలియా క్రూజ్ మొదలైనప్పుడు మేం పుదుచ్చేరి, చెన్నై మీదుగా వెళ్ళొచ్చాం. (ఆ ఓడ 1990లో రాయల్ కరీబియన్‌లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలైంది లెండి.) పొద్దున డెక్ మీద నైటీ మీద టవలేసుకున్న ఆంటీలే ఎక్కువ. కాఫీ కప్పు పట్టుకుని రెయిలింగ్ దగ్గర కబుర్లు. మా ఎంవీపీ కాలనీ పార్కు మొత్తం ఓడెక్కేసిందా అనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు.

పిన్నీసు

రవీ, అక్కడ అందరూ మనవాళ్ళే. గాల్వెస్టన్ ఓడలో చూపులు వేరుగా ఉంటాయి. డైనింగ్ రూములోకైతే నైట్‌డ్రెస్‌లో రానివ్వరు కూడా. ఒక కాటన్ కుర్తీ, పలాజో తలగడ పక్కన పెట్టుకుంటే సరి.

అట్లాంటా అత్తగారు

వాళ్ళ ఆడపిల్లలు రెండు గుడ్డపీలికలతో తిరగొచ్చు, మెడ నుంచి పాదాల దాకా ఉన్న నా నైటీకి మాత్రం చూపులా?

మెకానికల్ 98

ఆంటీతో నేను ఏకీభవిస్తున్నా. నా ఓటు నైటీకే.

నాపసాని వారి అమ్మాయి

పూల్ సంగతి కూడా రాసేయండి. మా గ్రూపులో ఒకావిడ చుడీదార్‌తో దిగబోతే లైఫ్‌గార్డ్ ఆపేశాడు. ఆవిడకి కోపం, మాకు మొహమాటం. స్విమ్మింగ్‌కని తయారైన బట్టలే ఉండాలి అక్కడ. కాటన్ బట్టల పోగులు ఫిల్టర్లలో చిక్కుకుంటాయి, రంగు దిగుతుంది. ఒంటినిండా కప్పుకోవాలంటే ఫుల్ చేతుల రాష్‌గార్డ్, స్విమ్ లెగ్గింగ్స్ దొరుకుతాయి. వాటికి అభ్యంతరం లేదు. ఎండకి కూడా మంచిది. మీ అత్తగారికి అవే కొనండి. ఈ లిస్టులో లేనిదీ, నిజంగా కొనాల్సిందీ అదొక్కటే అంటాను నేను.

గోదారి గట్టు

చీరకొంగు నడుంకి దోపి గోదాట్లో మూడు మునకలేసే జాతి మనది. లైఫ్‌గార్డుకేం తెలుసు! 2027లో పుష్కరాలకి రమ్మనండి, ఫిల్టర్లు ఎవరడుగుతారో చూద్దాం.

నర్సు నాగమణి

చేతిపట్టీల మీద ఎవరూ రాయలేదు. బూడిదరంగు ఎలాస్టిక్ పట్టీ, లోపల గుండ్రటి ప్లాస్టిక్ బొడిపె. మణికట్టు మడత నుంచి మూడు వేళ్ళ దూరంలో, రెండు నరాల మధ్య ఆ బొడిపె నొక్కుకునేలా రెండు చేతులకీ పెట్టుకోవాలి. పనిచేస్తుందన్న రుజువు అంత గట్టిగా లేదు, కానీ హాని లేదు, ఖర్చు తక్కువ. చెవి వెనకాల అంటించే స్కోపోలమైన్ ప్యాచ్ మూడు రోజుల దాకా పనిచేస్తుంది. అయితే దానికి ప్రిస్క్రిప్షన్ కావాలి. పెద్దవాళ్ళకి నోరెండిపోవడం, మగత, తికమక రావచ్చు. యాంగిల్ క్లోజర్ రకం గ్లకోమా (కంటి జబ్బు) ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు. మామగారికి పెట్టేముందు డాక్టర్‌ని అడగండి.

మా పెద్దమ్మ ఆ పట్టీల్ని గాజుల మధ్యలో సర్దేసి, ఫార్మల్ నైట్‌కి పట్టుచీర రంగు పట్టీలు లేవా అని నన్నడిగింది. చివరికి చెంగావి రంగు జాకెట్టు గుడ్డ మిగిలితే వాటి మీద చుట్టి కుట్టుకుంది. ఫొటోలో వంకీల్లా ఉన్నాయి. ఎక్కడ కొన్నారని ఓడలో ఒక అమెరికన్ ఆవిడ కూడా అడిగిందట.

ఇంజిన్ రూమ్

మర్చంట్ నేవీ వాడిని. ఈ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది. నీలం తెలుపు చారల టీషర్టు, బోట్ షూస్, కెప్టెన్ టోపీ... ఇవి ‘సముద్రపు బట్టలు’ అని కొంటున్నారు. సముద్రం మీద మేం వేసుకునేది బాయిలర్ సూటు, ఇనుప ముక్కున్న సేఫ్టీ షూస్, చెవులకి మఫ్‌లు. ఆ చారల చొక్కాకైతే చరిత్ర ఉంది, ఫ్రెంచి నేవీ 1858లో తన నావికులకి యూనిఫామ్‌గా పెట్టింది. బోట్ షూస్ కూడా నిజంగా పడవలవాళ్ళ కోసమే, 1935లో స్పెర్రీ అనే ఆయన తడి డెక్ మీద జారకుండా రబ్బరు అడుగున గాట్లు పెట్టి చేశాడు. మంచు మీద తన కుక్క జారకుండా పరిగెత్తడం చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు.

భుజాల మీద నాలుగు చారలున్న తెల్లచొక్కాలు అమ్ముతారు, అవి మాత్రం కొనకండి. నాలుగు చారలంటే కెప్టెన్. చారల మధ్య ఊదా రంగు ఉంటే ఇంజినీరు, ఎరుపుంటే డాక్టరు. ఎవరో పెద్దావిడ మిమ్మల్ని ఆపి మందులడిగితే ఏం చేస్తారు?

మెకానికల్ 98

నాగమణి గారి పెద్దమ్మ దగ్గరికి పంపిస్తాం.

కొండాపూర్ కావ్య

అందరూ దండగ, దండగ అంటున్నారు. నేను ఒప్పుకోను. మా నాన్న ముప్పై ఏళ్ళకి పైగా బళ్ళో లెక్కల మేష్టారు. తెల్లచొక్కా, నల్లప్యాంటు తప్ప ఇంకోటి వేసుకోగా మేం చూడలేదు. ఇంట్లో లుంగీ. కోజుమెల్‌లో దిగే ముందురోజు అన్నయ్య ఓడలోని షాపులో ఒక పూల చొక్కా, మోకాళ్ళ దాకా నిక్కరు కొనిచ్చాడు. ఛీ ఛీ అన్నారు. అమ్మ నవ్వింది. పొద్దున చూస్తే వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు, పైగుండీ కూడా పెట్టేసుకుని, నిక్కరు కింద నల్ల సాక్సు, ఆఫీసు బూట్లు. సాక్సు విప్పించడానికి పావుగంట పట్టింది. తర్వాత ఇసకలో వట్టికాళ్ళతో నడిచారు, కొబ్బరిబోండాంతో ఫొటో దిగారు, మా అమ్మ భుజం మీద చెయ్యేశారు! అది మాకు నిక్కరు కంటే పెద్ద వింత. ఒంగోలులో ఆ చొక్కా వేసుకోమంటే చస్తే వేసుకోరు. ‘ఇక్కడ నా స్టూడెంట్లు తిరుగుతుంటారే’ అంటారు. మళ్ళీ వేసుకోకపోతే ఏం? దాని డబ్బులు ఆ రోజే వచ్చేశాయి.

ఓక్లహామా ఓబులేశు

కావ్యా, నిక్కరు గెలిచింది. నేను చెప్పేదీ అదే.

తెనాలి కోడలు

మా మామగారు కూడా అచ్చం అంతే కావ్య గారూ, ఆయనది కోఆపరేటివ్ బ్యాంకు. పూల చొక్కా ఒకటి కార్ట్‌లో వేశా, చెప్పకుండా.

సియాటిల్ చినబాబు

అలాస్కా వెళ్ళేవాళ్ళు ఈ లిస్టు చూసి మోసపోకండి. అక్కడ పూల చొక్కాలు పనికిరావు. కెచికాన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైనే వాన. గొడుగు గాలికి తిరగబడుతుంది, రెయిన్ జాకెట్టే శరణ్యం. దాని కింద ఫ్లీస్, దాని కింద థర్మల్. తిరిగొచ్చాక అవన్నీ విజయవాడ ఎండల్లో పెట్టెలో ఉంటాయి.

పిన్నీసు

ఆఖరి రాత్రి జాగ్రత్త కూడా చెప్పేస్తా. దిగే ముందురోజు రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు, పొద్దునకి టెర్మినల్లో తీసుకోవాలి. మా బావగారు హుషారుగా అందరికంటే ముందు సర్దేసి పెట్టెలన్నీ బయట పెట్టించారు. పొద్దున చూసుకుంటే ఒంటిమీద నైట్‌ప్యాంటు, హ్యాంగర్‌కి మర్చిపోయిన షేర్వాణీ. ఆ రెండిటితోనే ఇమిగ్రేషన్ దాటారు. ఆఫీసరు ‘నైస్ జాకెట్’ అన్నాడట, ఇప్పటికీ అదే చెప్పుకుంటారు. మొదటిరోజుకీ అంతే, ఎక్కేటప్పుడు ఇచ్చిన పెట్టెలు గదికొచ్చేసరికి సాయంత్రమవుతుంది. పిల్లల స్విమ్‌సూట్లు, పెద్దవాళ్ళ మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి.

డాలస్ సీత

ఆలస్యంగా చూశాను. మా అపార్ట్‌మెంట్స్ తెలుగువాళ్ళం క్రూజ్ పెట్టె ఒకటి నడుపుతున్నాం. ఎవరో ఒకసారి వాడిన వాటర్ షూస్, ఫోన్ పౌచ్‌లు, ల్యాన్‌యార్డులు, స్నార్కెల్ మాస్కులు అన్నీ ఒక పాత వీఐపీ సూట్‌కేసులో ఉంటాయి. వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళి, ఉతికి, తిరిగిస్తారు. అందులో ఒక నల్ల బ్లేజర్ ఉంది. ఎవరిదో కూడా ఎవరికీ గుర్తులేదు. నాలుగు ఇళ్ళ హాళ్ళలో నలుగురు మొగుళ్ళు అదే బ్లేజర్‌తో, అదే మెట్ల ముందు, అదే నవ్వుతో ఫ్రేములో ఉన్నారు. మా ఆయనకి పొట్ట దగ్గర గుండీ పట్టదు, అందుకని ఫొటోలో చేతులు కట్టుకున్నారు. తెనాలి కోడలు గారూ, హ్యూస్టన్ నుంచి ఈ వీకెండ్ ఎవరైనా డాలస్ వస్తుంటే పెట్టె పంపిస్తాం. కెప్టెన్ టోపీలు కూడా మూడున్నాయి, అవి ఎవరూ తీసుకెళ్ళరు.

తెనాలి కోడలు

మావారు శనివారం వస్తున్నారు! బ్లేజర్ సైజెంత?

డాలస్ సీత

42. చేతులు కొంచెం పొట్టి. మెసేజ్‌లో అడ్రస్ పెట్టాను. టోపీలు కూడా పట్టుకెళ్ళాలి, అదీ షరతు.

అట్లాంటా అత్తగారు

ఆ పెట్టెలో నైటీ మీదకి వేసుకునేది ఏమైనా ఉందా అమ్మా?

కూకట్‌పల్లి కోడర్

సంబంధం లేని ప్రశ్న: ఓడలోకి ఆవకాయ రానిస్తారా?

షార్లెట్ శర్మ

దానికి వేరే చర్చ ఉంది, వంటల విభాగంలో చూడండి. అక్కడ ఇంకా కొట్టుకుంటున్నారు.